కెనడాలో అమెరికా మాట వస్తే ఏం మాట్లాడాలి: వెళ్ళబోయే మన విశాఖ పిల్లలకు

ద్వారకానగర్‌లో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ తీసుకుని, కన్సల్టెన్సీల చుట్టూ తిరిగి, లోను పేపర్లు సర్దుకుని కెనడా బయల్దేరే పిల్లలకు చలి గురించి అందరూ చెబుతారు. ఏ జాకెట్ కొనాలో, ఆవకాయ సీసా ఎలా చుట్టాలో చెబుతారు. అక్కడ అమెరికా ప్రస్తావన రాగానే మనుషులు ఎందుకు వేడెక్కుతారో, అప్పుడు మనం ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఉంటాను. మా చెల్లెలి కుటుంబం ఒంటారియోలోని హామిల్టన్‌లో, మా ఆడపడుచు కొడుకు డల్లాస్‌లో స్థిరపడ్డారు. అందుకని ఆ రెండు దేశాల గొడవ మా ఇంటి వాట్సాప్ గ్రూపులోనే నడుస్తూ ఉంటుంది. పాత స్టూడెంట్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు నేను చెప్పే మాటలే ఇవి.

ముందు రంగులు సరిచేసుకోండి. అమెరికాలో ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రాట్లది. కెనడాలో ఎరుపు లిబరల్ పార్టీది, నీలం కన్సర్వేటివ్ పార్టీది. వామపక్షం వైపు మొగ్గే చిన్న పార్టీ ఎన్‌డీపీ (న్యూ డెమొక్రాటిక్ పార్టీ)ది నారింజ రంగు. ఎన్నికలప్పుడు ఇళ్ళ ముందు గడ్డిలో అభ్యర్థి పేరుతో బోర్డులు పాతుతారు. నీలం బోర్డు చూసి వీళ్ళు ఒబామా మనుషులు అనుకుంటే అక్కడే బోల్తా పడతారు.

రంగులకన్నా ముఖ్యమైనది మరొకటుంది. లిబరల్ అంటే డెమొక్రాట్, కన్సర్వేటివ్ అంటే ట్రంప్ మనిషి అని జోడీలు కట్టడం మానుకోండి. వైద్యం సంగతే చూడండి. సస్కాచెవాన్ రాష్ట్రంలో టామీ డగ్లస్ మొదలుపెట్టిన ప్రభుత్వ వైద్య బీమా 1962లో అమల్లోకి వచ్చింది. 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ దాన్ని దేశమంతటికీ గట్టిగా బిగించింది. ఇవాళ ఏ కన్సర్వేటివ్ నాయకుడూ అమెరికా పద్ధతి తెస్తానని ఓట్లు అడగలేడు. పన్నులు తగ్గించాలనే మనిషి, తుపాకీ చట్టాలు మరీ కఠినంగా ఉన్నాయనే మనిషి కూడా ఆసుపత్రిలో బిల్లు కట్టక్కర్లేకపోవడం తన దేశపు గొప్ప అనే చెప్పుకుంటాడు. 2025 జనవరిలో 'కెనడా అమ్మకానికి లేదు' అని రాసిన టోపీ పెట్టుకుని తిరిగిన డగ్ ఫోర్డ్ ఎవరనుకున్నారు? ఒంటారియో ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. నీలం పార్టీ ఆయనే.

ఆ తర్వాత కొంచెం చరిత్ర చదువుకోవాలి. ఇది తెలియకపోతే వాళ్ళ కోపం నిన్న మొన్నటిదనిపిస్తుంది. అమెరికా విప్లవం వద్దనుకుని బ్రిటిష్ రాజుకు విధేయులుగా మిగిలినవాళ్ళు వేలాదిగా ఉత్తరానికి వలస వచ్చారు. ఇంగ్లీషు కెనడాకు వేసిన పునాదుల్లో అదొకటి. 1812లో అమెరికా యుద్ధం ప్రకటించి కెనడా మీదికి సైన్యాన్ని పంపింది. 1813లో ఇప్పటి టొరంటోలో చట్టసభ భవనాలను తగలబెట్టింది. ఆ మరుసటి ఏడాది బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ వెళ్ళి వైట్ హౌస్‌కి నిప్పు పెట్టింది. హామిల్టన్‌లో మా చెల్లెలు ఉండే స్టోనీ క్రీక్ ప్రాంతంలో 1813 జూన్‌లో యుద్ధం జరిగింది. అక్కడ పార్కులో ఎత్తైన రాతి స్మారకం ఉంది. బడి పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధ స్మారకం దగ్గర మన పిల్లలు నిలబడి ఫొటోలు దిగినట్టే ఉంటుంది ఆ సందడి.

ఇప్పుడు అసలు తిరకాసు. అమెరికాను అనుమానంగా చూడడం మొదట్లో కన్సర్వేటివ్‌ల పని. 1911లో లిబరల్ ప్రధాని లారియే అమెరికాతో సుంకాలు తగ్గించుకునే ఒప్పందం తెస్తే, 'యాంకీలతో బేరమూ వద్దు, సావాసమూ వద్దు' అంటూ బోర్డెన్ నాయకత్వంలో కన్సర్వేటివ్‌లు ఆయన్ని ఓడించారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ నాయకుడు చాంప్ క్లార్క్, ఉత్తర ధ్రువం దాకా మా జెండా ఎగరాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట కూడా లారియే కొంప ముంచింది. 1963లోనూ అంతే. అమెరికా అణ్వాయుధాలు మన గడ్డ మీద వద్దని మొండికేసింది కన్సర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్, సరేనని గెలిచింది లిబరల్ నాయకుడు పియర్సన్. టొరంటోలో మీరు దిగే విమానాశ్రయానికి ఆయన పేరే.

1988కి కథ తిరగబడింది. కన్సర్వేటివ్ ప్రధాని మల్రోనీ అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్యం కావాలన్నారు, లిబరల్ నాయకుడు టర్నర్ దేశాన్ని అమ్మేస్తున్నారన్నారు. మల్రోనీ గెలిచారు. 2003లో ఇరాక్ యుద్ధానికి రామని చెప్పింది లిబరల్ ప్రధాని క్రెటియెన్, వెళ్ళాల్సిందేనని వాదించింది అప్పటి ప్రతిపక్ష నాయకుడు, తర్వాత కన్సర్వేటివ్ ప్రధాని అయిన హార్పర్. వియత్నాం యుద్ధానికి వెళ్ళడం ఇష్టం లేని అమెరికన్ కుర్రాళ్ళు వేలమంది సరిహద్దు దాటి వచ్చి కెనడాలోనే ఉండిపోవడం ఈ రెండింటికీ ముందు సంగతి. ఉదారవాద కెనడా అన్న పేరు అప్పటినుంచే గట్టిపడింది. కాబట్టి అమెరికా మీద కోపం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. అధికారంలో ఎవరున్నారు, అమెరికా ఆ ఏడాది ఏం అడుగుతోంది అనే దాన్ని బట్టి అది చేతులు మారింది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

2025లో జరిగింది ఈ దృష్టితో చూడండి. జనవరిలో కన్సర్వేటివ్‌లు సర్వేల్లో 20 పాయింట్లకు పైగా ముందున్నారు. లిబరల్ ప్రధాని ట్రూడో రాజీనామా ప్రకటించారు. ఇంతలో ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం అన్నారు, ప్రధానిని గవర్నర్ అని పిలిచారు, సుంకాలు వేశారు. ఐస్ హాకీ మ్యాచ్‌ల్లో అమెరికా జాతీయ గీతం వస్తుంటే జనం అరిచి గోల చేశారు. ఒంటారియోలో ప్రభుత్వ మద్యం దుకాణాలు అమెరికన్ సీసాలను అరల్లోంచి తీసేశాయి. ఏప్రిల్ 28 ఎన్నికల్లో మార్క్ కార్నీ నాయకత్వంలో లిబరల్ పార్టీ 343లో 169 సీట్లతో నిలిచింది. ఎన్‌డీపీ 7 సీట్లకు పడిపోయింది, ఎందుకంటే వాళ్ళ ఓటర్లు చాలామంది ట్రంప్ భయంతో లిబరల్ వైపు వెళ్ళారు. కన్సర్వేటివ్ నాయకుడు పొయిలీవ్ర్ సొంత సీటే ఓడిపోయారు. అయినా ఆయన పార్టీకి 41 శాతం ఓట్లు వచ్చాయి. అంటే మీ క్లాసులో, మీ పని చోట ఆ ఓటు వేసినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. అద్దె, జీతం, ఇల్లు కొనలేకపోవడం వాళ్ళకు ట్రంప్ కన్నా పెద్ద టెన్షన్. వాళ్ళను దేశభక్తి లేనివాళ్ళుగా చూడకండి, దయచేసి. కార్నీ రాగానే చేసిన పనుల్లో ఒకటి, జనం కట్టే కార్బన్ పన్ను తీసేయడం. అది కన్సర్వేటివ్‌లు ఏళ్ళ తరబడి అడిగిందే.

ఎదుటి మనిషి ఏ పార్టీ అని అడగడం కన్నా ఏ ఊరు అని అడగడం మేలు. మర్యాదగానూ ఉంటుంది, సమాధానమూ ఎక్కువ చెబుతుంది. విండ్సర్ వాళ్ళకు నది అవతల డెట్రాయిట్. కారు విడిభాగాలు పూర్తయ్యేలోపు ఆ సరిహద్దు అటూ ఇటూ ఎన్నోసార్లు దాటుతాయి, సుంకం పడితే షిఫ్టులు పోతాయి. అల్బర్టా మనిషికి కోపం ఎక్కువగా ఒట్టావా మీద, అంటే కేంద్ర ప్రభుత్వం మీద ఉంటుంది. అక్కడి చమురు ప్రధానంగా అమెరికాకే వెళ్తుంది. 1980లో కేంద్రం తెచ్చిన ఇంధన విధానం తమ సొమ్ము దోచిందని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. క్యుబెక్ వాళ్ళకు తమ ఫ్రెంచి భాష ముందు, మిగతావి తర్వాత. అల్యూమినియం సుంకం మాత్రం వాళ్ళకూ తగిలింది.

హామిల్టన్ సంగతి మన గాజువాక, కూర్మన్నపాలెం పిల్లలకు నేను వేరే చెప్పక్కర్లేదు. అది ఉక్కు ఊరు. అమెరికా ఉక్కు మీద 2025 మార్చిలో 25 శాతం, జూన్‌లో 50 శాతం సుంకం వేసింది. అక్కడి పాత కంపెనీ స్టెల్కోని 2024లోనే ఒక అమెరికన్ కంపెనీ కొనేసింది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం వింటూ పెరిగినవాళ్ళకు, 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు ఇళ్ళలో అన్నం సహించని రోజులు చూసినవాళ్ళకు ఆ బాధ తెలుసు.

మా చెల్లెలి పక్కింటాయన ఆ ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా కన్సర్వేటివ్‌కే ఓటు, గడ్డిలో నీలం బోర్డు. నేను అక్కడున్నప్పుడు ఆయనతో కలిసి సూపర్ మార్కెట్‌కి వెళ్ళాం. ధర చీటీల పక్కన కొన్నిటికి మేపుల్ ఆకు గుర్తు, సుంకం వల్ల ధర పెరిగినవాటికి 'టీ' అక్షరం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, టొమాటో సాస్ డబ్బా తిప్పి, వెనకాల చిన్న అక్షరాల్లో ఎక్కడ తయారైందో చదివి, తిరిగి అరలో పెట్టేశారు. ఇంకోటి తీశారు, చదివారు, అదీ పెట్టేశారు. "అమెరికావాళ్ళంటే అంత కోపమా అండీ?" అని అడిగాను. "మా కోడలిది అవతల అమెరికాలో బఫెలో అమ్మా. క్రిస్మస్‌కి వాళ్ళింటికే వెళ్తాం. ఈ డబ్బా మాత్రం కొనను," అన్నారు. కెనడా వాళ్ళ అమెరికా వ్యతిరేకత గురించి నాకు ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు లేరు.

ఈ రెండు మనసులూ మనకు కొత్త కావు. 1971 డిసెంబరులో మనకు పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుంటే అమెరికా తన ఏడో నౌకాదళం నుంచి ఎంటర్‌ప్రైజ్ ఓడను బంగాళాఖాతంలోకి పంపింది. మన ఊళ్ళో పెద్దవాళ్ళు దాని గురించి ఇప్పటికీ పళ్ళు కొరుకుతూ చెబుతారు. వాళ్ళ మనవలే డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరితే విశాఖ రొయ్యల ఎగుమతిదారుల నుంచి భీమవరం చెరువుల దాకా గుండెలు జారాయి. కెనడా వాళ్ళు సుంకాల గురించి మాట్లాడుతుంటే మీరు చెప్పాల్సింది ఇదే: "మా ఊళ్ళో రొయ్యల వాళ్ళకూ ఇదే దెబ్బ తగిలింది." అది నిజం. దాంతో మీరు బయటి మనిషిగా కాకుండా మాటలో పాలుపంచుకుంటారు.

ఏ మాటలు అనకూడదో కూడా చెబుతాను. 51వ రాష్ట్రం మీద జోకు వేయవద్దు, అవతలివాళ్ళు వేసినా నవ్వి ఊరుకోండి. "కెనడా, అమెరికా రెండూ ఒకటేగా" అనవద్దు. "అమెరికా వీసా రాలేదు, అందుకే ఇటొచ్చాను" అనేది నిజమైనా బయటికి అనక్కర్లేదు. "ఎవరికి ఓటేశారు?" అని అడగవద్దు. దాని బదులు "ఈ సుంకాల వల్ల మీ పనికి ఏమైనా ఇబ్బందా?" అని అడిగి, తర్వాత వినండి. 'ఎల్బోస్ అప్' అని ఎవరైనా అంటే అది హాకీలోంచి వచ్చిన మాట, తగ్గేది లేదని అర్థం. మ్యాచ్‌కి వెళ్తే రెండు జాతీయ గీతాలకూ నిలబడండి. చుట్టూ ఎవరు ఏం అరిచినా మీరు అరవద్దు. మీరు అక్కడ అతిథులు.

ఒక హెచ్చరిక ఉంది, ఇది నేను గట్టిగా చెబుతాను. అమెరికాను తిట్టే ప్రతి మనిషీ మనకు చుట్టం కాదు, లిబరల్ ప్రభుత్వం అంటే మనకు అనుకూలం అనీ కాదు. విదేశీ విద్యార్థుల పర్మిట్లకు 2024 జనవరిలో పరిమితి పెట్టింది లిబరల్ ప్రభుత్వమే. ఇళ్ళు దొరకడం లేదనే కోపం రెండు పార్టీల ఓటర్లలోనూ ఉంది, అది కొన్నిసార్లు మన పిల్లల మీదికి మళ్ళుతోంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే ట్రంప్ మాటలతో పోల్చి వాదనకు దిగకండి. మీరు ఏం చదువుతున్నారో, ఫీజు ఎంత కడుతున్నారో, ఎక్కడ పనిచేస్తున్నారో మామూలుగా చెప్పండి. దురుసుగా మాట్లాడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. పౌరసత్వం వచ్చేదాకా ఓటు లేదు కాబట్టి పార్టీ జెండా పట్టుకునే తొందర అసలే వద్దు.

ఇక చుట్టాలు. సెలవుల్లో డల్లాస్ అన్నయ్య రమ్మంటాడు, మీ కెనడా స్నేహితులు ఈ ఏడాది అమెరికా వెళ్ళేది లేదని శపథం పట్టి ఉంటారు. దాచుకోకండి, "మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాను" అని చెప్పండి, చుట్టరికాన్ని అక్కడ ఎవరూ తప్పుపట్టరు. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద దాడుల వల్ల దారి మళ్ళిన 38 విమానాల్లోని ప్రయాణికులను కెనడాలోని గాండర్ అనే చిన్న ఊరు బడుల్లో, ఇళ్ళలో పెట్టుకుని చూసుకుందని వాళ్ళే గర్వంగా చెబుతారు, వినండి. అటు అన్నయ్య స్నేహితులు కెనడాని తేలిక చేసి మాట్లాడితే, మీకు బతుకు ఇస్తున్న దేశం గురించి మీకు తెలిసిన మంచి నాలుగు ముక్కలు చెప్పండి. వీసా సంగతి మాత్రం ముందే చూసుకోండి. కెనడా పౌరులు మామూలు ప్రయాణానికి వీసా లేకుండా వెళ్తారు, మన పాస్‌పోర్టుకు కావాలి. టొరంటోలో విమానం ఎక్కకముందే అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు తనిఖీ చేస్తారు, కాబట్టి బయల్దేరే వేళకు బాగా ముందుగా వెళ్ళండి. తిరిగి రావడానికి కెనడా వీసా గడువు ఉందో లేదో టికెట్ కొనకముందే చూసుకోండి.