హస్కీ పిల్లను బయట లీష్ తీసి వదలొచ్చా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ముందు జవాబు చెప్పేస్తాను. చుట్టూ గోడో కంచో లేని చోట హస్కీ జాతి కుక్కపిల్లను లీష్ (మనం చేత్తో పట్టుకునే పట్టీ) తీసి వదలొద్దు. మూడు నెలల పిల్లయినా, ఏడాది నిండినదైనా, ఇంట్లో ఎంత బుద్ధిగా ఉన్నా ఇదే మాట. అమెరికాలోని సైబీరియన్ హస్కీ క్లబ్ కొత్తగా పిల్లను తెచ్చుకునేవాళ్లకు ఇచ్చే హెచ్చరిక కూడా ఇదే.

కానీ "వదలొద్దు" అని చెప్పి ఊరుకుంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. పరిగెత్తడానికి పుట్టిన జాతి అది. పొట్టి లీష్‌తో అపార్ట్‌మెంట్ చుట్టూ రోజుకు రెండు రౌండ్లు తిప్పితే దానికి సరిపోదు. ఆ పరుగును ఎక్కడ ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదే మనం తేల్చుకోవాల్సింది. మన ఊళ్లలో హస్కీ పెంచేవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బందుల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య: ఇంట్లో పిలిస్తే వస్తుంది, బయట అసలు వినిపించనట్టే ఉంటుంది

చెవుడు కాదు, పొగరు కూడా కాదు. ఇంట్లో నేర్చుకున్నది ఇంటికే పరిమితం అని కుక్క అనుకుంటుంది. హాల్లో "రా" అంటే వచ్చిన పిల్లకి పార్కులో అదే "రా" దాదాపు కొత్త మాట. పైగా హాల్లో మీరు తప్ప వేరే ఆకర్షణ లేదు. పార్కులో పావురాలు, ఉడతలు, పిల్లలు, ఎవరో పారేసిన బిర్యానీ పొట్లం ఉంటాయి.

దీనికి జాతి లక్షణం తోడవుతుంది. ఈ కుక్కల్ని ఈశాన్య సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు బండ్లు లాగడానికి పెంచారు. 1908 ప్రాంతంలో అవి అలాస్కాకి వచ్చాయి. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు మందును కుక్కల బండ్ల మీదే చేర్చారు. దాదాపు 1,085 కిలోమీటర్ల దూరాన్ని సుమారు 20 మంది బండివాళ్లు, 150 దాకా కుక్కలు వంతులవారీగా అయిదున్నర రోజుల్లో దాటేశారు. ఆ పనిలో ముందు నడిచే కుక్క తన బుర్ర కూడా వాడాలి. మంచు పలచగా ఉందనిపిస్తే యజమాని పొమ్మన్నా ఆగిపోయే కుక్కకే అక్కడ విలువ. లాబ్రడార్ మన మొహం చూసి పని చేస్తుంది. హస్కీ ముందు పరిస్థితి చూస్తుంది, తర్వాతే మన మాట. కాబట్టి మీ పిల్ల మొండిది అని బాధపడకండి. దాని తెలివి అలా పని చేస్తుంది, అంతే.

పరిష్కారం ఏమిటంటే, పిలుపును మొదటినుంచి కొత్తగా నేర్పడం. పేరు పెట్టి పిలవడం వద్దు. పేరు రోజంతా అందరి నోళ్లలో నానుతుంది కాబట్టి దానికి బలం ఉండదు. ఇంట్లో ఎవరూ మామూలుగా వాడని ఒక మాటో, ఒక విజిలో ఎంచుకోండి. ఆ పిలుపుకి వస్తే దొరికేది బిస్కెట్ కాకూడదు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు, పనీర్, ఉడికిన గుడ్డు లాంటివి ఆ పిలుపుకే కేటాయించండి. ముందు హాల్లో, తర్వాత కారిడార్‌లో, తర్వాత సెల్లార్‌లో, తర్వాత తెల్లవారుజామున ఖాళీగా ఉన్న పార్కులో. ఒక చోట గట్టిపడ్డాకే తర్వాతి చోటికి వెళ్లండి.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. పిల్ల హాయిగా ఆడుకుంటుంటే చివర్లో పిలుస్తారు, రాగానే లీష్ తగిలించి ఇంటికి తీసుకెళ్లిపోతారు. అలా కొన్నిసార్లు జరిగితే చాలు, పిలుపంటే ఆట అయిపోయినట్టని దానికి అర్థమవుతుంది. కాబట్టి పిలవండి, రాగానే ముక్క పెట్టండి, మెడ దగ్గర బెల్టు పట్టుకోండి, మళ్లీ "పో, ఆడుకో" అని పంపేయండి. ఎక్కువసార్లు ఇలాగే జరగాలి. స్నానానికీ, గోళ్లు కత్తిరించడానికీ, తిట్టడానికీ ఆ పిలుపును ఎప్పుడూ వాడొద్దు. అవసరమైతే మీరే వెళ్లి తీసుకురండి.

సమస్య: మూడు నెలలప్పుడు లీష్ లేకుండా వెంటే తిరిగేది, ఇప్పుడు మారిపోయింది

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఎందుకంటే ఇందులో యజమానికి ముందే నమ్మకం కుదిరిపోయి ఉంటుంది.

పన్నెండు వారాల పిల్ల మీ కాళ్ల వెంట తిరుగుతుంటే అది శిక్షణ వల్ల కాదు, వయసు వల్ల. కొత్త ప్రపంచం దానికి భయం, మీరే దానికి ధైర్యం. నాలుగైదు నెలలకి పాల పళ్లు రాలడం మొదలవుతుంది, కాళ్లు సాగుతాయి, భయం తగ్గుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా టీనేజ్ లాంటి దశ. ఆడ కుక్కపిల్ల సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మొదటిసారి హీట్‌కి (ఎదకు) వస్తుంది. మగ కుక్కపిల్లకి దూరం నుంచే ఆ వాసన తెలుస్తుంది. నిన్నటిదాకా వెంట నడిచిన పిల్ల ఇవాళ వెనక్కి చూడకుండా వెళ్లిపోవడం వెనక ఉన్నది ఇదే.

చేయాల్సింది రెండు పనులు. ఆ మొదటి నెలల్లో వెంట తిరుగుతోంది కదా అని లీష్ తీయకండి. ఆ కాలాన్ని అలవాటు వేయడానికి వాడుకోండి. నడకలో తనంతట తాను వెనక్కి తిరిగి మీ మొహం చూసిన ప్రతిసారీ మెచ్చుకోండి, ఒక ముక్క పెట్టండి. ఈ చిన్న అలవాటు టీనేజ్ దశలో కూడా కొంత మిగులుతుంది. ఇప్పటికే మారిపోయిన పిల్లయితే అది నేర్చుకున్నదంతా పోయిందని దిగులు పడకండి. లాంగ్ లైన్‌కి మారి, సులువైన చోట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

లాంగ్ లైన్ అంటే అయిదు నుంచి పది మీటర్ల పొడవుండే పట్టీ. బటన్ నొక్కితే చుట్టుకునే లీష్ అది కాదు. దీన్ని ఎప్పుడూ హార్నెస్ (ఛాతీకీ వీపుకీ చుట్టి తొడిగే పట్టీలు) వీపు మీద ఉన్న రింగుకే తగిలించాలి, మెడ బెల్టుకి వద్దు. వేగంగా వెళ్లిన పిల్ల పట్టీ చివర ఒక్కసారిగా ఆగితే ఆ కుదుపంతా మెడ మీద పడుతుంది. పట్టీని చేతికి చుట్టుకోవద్దు, వేళ్లు విరుగుతాయి. గ్లవుజులు వేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు. జనం ఉన్న రోడ్డు మీద వాడొద్దు, ఖాళీ మైదానంలోనే వాడండి. పిల్లకి దాదాపు స్వేచ్ఛ ఉన్నట్టే ఉంటుంది, మీకు టెన్షన్ ఉండదు.

లీష్ లేకుండా యజమాని పక్కనే నడిచే హస్కీల వీడియోలు చూసి "ఇది సాధ్యమే కదా" అని అడుగుతారు. కొన్ని కుక్కల విషయంలో, ఏళ్ల శిక్షణతో సాధ్యమే. కానీ వందసార్లు పిలిస్తే తొంభై తొమ్మిదిసార్లు వచ్చే కుక్క కూడా ఆ ఒక్కసారి రోడ్డు పక్కన ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఆ రిస్కు మీది కాదు, దానిది.

సమస్య: బెల్టు నుంచి తల లాగేసుకుంటోంది

హస్కీ మెడ దగ్గర బొచ్చు దట్టం, తల పెద్దగా వెడల్పు ఉండదు. వెనక్కి గుంజితే మామూలు బెల్టు సులువుగా జారిపోతుంది. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. పిల్ల వేగంగా ఎదుగుతుంది కాబట్టి వారానికోసారి సరిచూడండి. ఛాతీ మీద వై ఆకారంలో ఉండే హార్నెస్ మంచిది. భయంతో గుంజే పిల్లయితే రెండు కొక్కాలున్న లీష్ తీసుకుని ఒకటి హార్నెస్‌కీ, ఒకటి బెల్టుకీ తగిలించండి. ఒకటి జారినా ఇంకొకటి ఆపుతుంది.

సమస్య: పిల్లి, కోడి, ఉడత కనిపిస్తే ఆగదు

వేట స్వభావం. చుక్చీలు వేసవిలో ఈ కుక్కల్ని వదిలేస్తే వాటి తిండి అవే వేటాడి తెచ్చుకునేవని చెబుతారు. ఆ గుణం శిక్షణతో తగ్గుతుంది గానీ పోదు. పండక్కి ఊరికి తీసుకెళ్లేవాళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. ఊళ్లో ప్రతి వాకిట్లో కోళ్లు, మేకపిల్లలు ఉంటాయి. నష్టపోయేది వాటి మీద బతికే కుటుంబం. అక్కడ ఆరుబయట ఒక్క నిమిషం కూడా వదలకండి. నగరంలో అయితే జంతువు కనిపించిన క్షణంలో కాదు, కుక్క చెవులు నిక్కపొడుచుకుని ఒళ్లు బిగించినప్పుడే పిలిచి దారి మార్చండి. పరుగు మొదలయ్యాక మీ గొంతు దానికి చేరదు.

సమస్య: వీధికుక్కలు మీదికొస్తున్నాయి

వాటికి ఆ వీధి సొంత ఇల్లు. లీష్ లేని కొత్త పిల్ల దూకుతూ వాటి మధ్యకి వెళ్తే అవి తరమడం ఖాయం. అది భయపడి పరిగెత్తితే గుంపంతా వెంటపడుతుంది, పిల్ల దారి తప్పుతుంది. పిల్ల లీష్‌కి ఉంటే కనీసం మీరు మధ్యలో నిలబడగలరు. పరిగెత్తకండి, అరవకండి. పిల్లను మీ వెనక్కి తీసుకుని నెమ్మదిగా పక్కకి తప్పుకోండి. రోజూ వెళ్లే దారిలో ఉండే కుక్కల మీద రాళ్లు విసిరితే మరుసటి రోజు అవి మరింత గుర్తుపెట్టుకుని వస్తాయి. దారి మార్చండి, లేదా అవి నిద్రలో ఉండే వేళ ఎంచుకోండి.

టీకాల కోర్సు పూర్తి కాని పిల్లను నలుగురూ కుక్కల్ని తిప్పే నేల మీద దింపడమే వద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు దాదాపు పదహారు వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడో నెలలో. అప్పటిదాకా ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి ఆటోలు, హారన్లు, జనం చూపించండి. కొత్తవాటికి అలవాటు పడే వయసు కూడా అదే కాబట్టి ఇంట్లోనే బంధించకండి.

సమస్య: శక్తి అయిపోక సోఫా చింపుతోంది, అందుకే వదలాలనిపిస్తోంది

ఈ బాధ నిజమైనది. కంచె ఉన్న చోటు వెతకడమే దీనికి మార్గం. హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గర జీహెచ్ఎంసీ 2018లో 1.3 ఎకరాల్లో డాగ్ పార్క్ తెరిచింది. అది దూరమైతే నెట్ కట్టిన బాక్స్ క్రికెట్ గ్రౌండ్ ఖాళీగా ఉండే వేళకి అద్దెకు అడగండి, సెలవు రోజు స్కూలు మైదానం అడగండి, ప్రహరీ ఉన్న మామిడితోట తెలిసినవాళ్లది ఉంటే అడగండి. వదిలే ముందు గేటు కింద సందు, గోడ పక్కన పేర్చిన ఇటుకలు చూసుకోండి. హస్కీ తవ్వుతుంది, ఎక్కుతుంది. ఆరడుగులకి తక్కువున్న గోడను నమ్మొద్దు. పిట్టగోడ తక్కువగా ఉన్న డాబా అసలే వద్దు.

ఎండ సంగతి మరిచిపోవద్దు. దీని ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మార్చి నుంచి జూన్ దాకా పరుగు ఉదయం ఏడు గంటల లోపే అయిపోవాలి. రోడ్డు మీద మీ అరచెయ్యి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. విపరీతంగా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం కనిపిస్తే వెంటనే నీడకి తెచ్చి, నీళ్లతో తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా చేసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. చల్లగా ఉంటుందని గుండు మాత్రం కొట్టించొద్దు, ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది.

బండి పక్కన పరిగెత్తించడం ఏడాది, ఏడాదిన్నర దాటేదాకా వద్దు. ఎముకలు ఇంకా ముదరవు. వాసన చూస్తూ నెమ్మదిగా సాగే అరగంట నడక, పాత టవల్‌లో చుట్టి దాచిన తిండి వెతికే ఆట కూడా పిల్లని బాగా అలసిపోయేలా చేస్తాయి.

సమస్య: పొరపాటున తప్పించుకుంది

వెంటపడకండి. దానికి అది ఆట, మీకంటే వేగం దానిది. ఉత్సాహంగా కేకేసి వ్యతిరేక దిశలో పరిగెత్తండి, లేదా పక్కకి తిరిగి నేల మీద కూర్చుని చికెన్ కవరు చప్పుడు చేయండి. కారు డోరు తీస్తే ఎక్కి కూర్చునే అలవాటుంటే డోరు తీయండి. కంటికి కనిపించకపోతే ఒకరు అది తప్పిపోయిన చోటే ఉండాలి, దాని దుప్పటి అక్కడ పరచాలి. మిగిలినవాళ్లు వాచ్‌మెన్‌లకి, టీ కొట్టు వాళ్లకి, చెత్త బండి వాళ్లకి ఫోటో చూపించాలి. వీధులు వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియవు.

మెడలో ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ల ఎప్పుడూ ఉండాలి. మైక్రోచిప్ వేయించండి, కానీ అది ఎక్కడుందో చూపించదు. స్కానర్ పెడితే నంబర్ మాత్రమే ఇస్తుంది. ఎక్కడుందో తెలియాలంటే జీపీఎస్ కాలర్ కావాలి.

వదిలేసిన కుక్క ఎవరినైనా గాయపరిస్తే బాధ్యత మనదే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, మన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎవరికైనా పన్ను గాటు పడితే మీ కుక్కకి టీకా ఉందని వాదించకుండా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్ల తిరిగొచ్చాక తిట్టొద్దు, కొట్టొద్దు. ముక్క పెట్టి లీష్ తగిలించండి. ఇంటికెళ్లాక పాదాల మధ్య, చెవుల లోపల, తోక కింద పిడుదులున్నాయేమో వెతకండి. బొచ్చు విడదీసి కాటు గుర్తుల కోసం చూడండి. ఒక్క గాటు కనిపించినా ఆ రోజే డాక్టర్‌కి చూపించి, రేబిస్ బూస్టర్ కావాలేమో అడగండి.