నిశ్చల చిత్రాలు – 5వ పాఠం: అంచు ఎక్కడ ఉండాలి, ఎక్కడ పోవాలి

ఈ పాఠం ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్‌తో మొదలవ్వాలి. పోయిన పాఠానికి మీరు వేసి పంపిన బొమ్మలు చూశాక ఆయన కాసేపు ఆగక తప్పడం లేదు.

మట్టి ముంత, రెండు నిమ్మకాయలు, కింద తెల్ల తువ్వాలు పెట్టుకుని, 18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు షార్డాఁ పద్ధతిలో అంచులు మెత్తగా వెయ్యమన్నాను. దాదాపు అందరూ చేసింది ఒకటే. ముందు గట్టిగా గీత గీశారు, తర్వాత దాని మీద వేలు పెట్టి రుద్దారు. ముంతలు పొగచూరాయి. నిమ్మకాయల చుట్టూ బూడిద వలయాలు తేలాయి.

వేలితో రుద్దడం ఇక బంద్. వేలికుండే చెమట, జిడ్డు కాగితానికి పడితే రబ్బరు కూడా ఏమీ చెయ్యలేదు. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, రుద్దిన అంచు చుట్టూరా ఒకే మోతాదులో మెత్తబడుతుంది. నిజం ముంత అలా ఉండదు. కిటికీ మీకు ఎడమ పక్కన ఉందనుకోండి. ముంత ఎడమ అంచు వెలుగులో ఉంటుంది, వెనక గోడ దానికంటే ముదురుగా కనిపిస్తుంది. అక్కడ అంచు స్పష్టం. కుడి పక్క ముంత నీడలో ఉంటుంది, గోడ కూడా చీకటిగా ఉంటే రెండూ కలిసిపోయి అంచు మాయమవుతుంది. ముంత గుండ్రంగా ఉంటుందని మీకు ముందే తెలుసు కాబట్టి, కనబడని చోట కూడా గీత పెట్టేస్తున్నారు. కళ్లు సగం మూసి చూడండి. కనబడకపోతే వెయ్యకండి. అంచు పోగొట్టడమంటే దానికి రెండు పక్కలా ఒకే ముదురు వెయ్యడం, అంతే. రుద్దే పనే లేదు.

షార్డాఁ పారిస్‌లో చేసింది ఇదే. 1761 ప్రాంతంలో ఆయన వేసిన నీళ్ల గ్లాసు, కాఫీ కూజా, వెల్లుల్లి బొమ్మ వెతికి పెద్దది చేసి చూడండి. ఆయన స్ట్రాబెర్రీ బుట్టకే పేరెక్కువ, నాకు మాత్రం ఈ వెల్లుల్లి ఇష్టం. బొమ్మంతా దగ్గర దగ్గర రంగులే. గీత కోసం వెతికితే మందంగా పెట్టిన రంగు కనబడుతుంది తప్ప గీత దొరకదు. దగ్గరికి వెళితే అంతా చెదిరిపోతుంది, వెనక్కి జరిగితే మళ్లీ రూపు కడుతుంది అని 1763లో ఆయన బొమ్మల గురించి ఫ్రెంచ్ రచయిత డిడెరో రాశాడు. మీ బొమ్మను కూడా గోడకు ఆనించి, దూరం నుంచి చూడాలి. ఒళ్లో పెట్టుకుని చూస్తే ఏమీ తెలియదు.

దీనికి పూర్తి ఎదురు పద్ధతి స్పెయిన్ చిత్రకారుడు సాంచెజ్ కొటాన్‌ది. 1602 ప్రాంతపు బొమ్మ ఒకటి ఉంది: రాతి కిటికీలో తాళ్లకు వేలాడే క్విన్స్ పండు, క్యాబేజీ, గట్టు మీద కోసిన ఖర్బూజా, గట్టు దాటి ముందుకు పొడుచుకొచ్చిన దోసకాయ. వెనక చిమ్మచీకటి. వెలుగు పడిన అంచులన్నీ పదును. మొదలుపెట్టేవాళ్లకు ఇదే తేలిక.

ఇప్పుడు సెజాన్. బల్ల వంకరగా వస్తే ‘ఇది సెజాన్ స్టైలండీ’ అనేవాళ్లు ప్రతి విడతలోనూ తేలుతున్నారు. ఈ మాటకు ఒకసారి గట్టిగా జవాబు చెప్పి వదిలేస్తాను. 1893 ప్రాంతంలో ఆయన వేసిన ఆపిల్ బుట్ట షికాగో మ్యూజియంలో ఉంది. అందులో తెల్ల గుడ్డకు ఎడమ పక్క బల్ల అంచు ఒక ఎత్తులో ఉంటుంది, కుడి పక్క ఇంకో ఎత్తులో. ఆ రెండూ ఒక గీతలో కలవవు. కలవని చోటును గుడ్డ కప్పేసింది, అది యాదృచ్ఛికం కాదు. సీసా ఒరిగింది. బుట్ట కింద దిమ్మ పెట్టి ముందుకు వంచాడు, పండ్లు గుడ్డ మీదికి దొర్లాయి. ఒక వంకరను ఇంకో వంకర మోస్తోంది. సీసాను మనసులో నిటారుగా నిలబెట్టి చూడండి, బుట్ట బరువంతా ఒక పక్కకు లాగుతుంది. మీ బల్లను స్కేలు పెట్టి సరిచెయ్యండి. సరిచేశాక బొమ్మ బాగుపడిందా? అయితే అది తప్పు, స్టైల్ కాదు. పాడైందా? అప్పుడు సెజాన్ పేరు ఎత్తండి.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వంకర కాదు, అంచు. ఆపిల్ చుట్టూ ఒక్క గీత ఉండదు. నీలం, ముదురు రంగు గీతలు ఒకదాని పక్కన ఒకటి తెగుతూ వస్తాయి, ఒక్కోచోట రంగు వాటిని దాటేస్తుంది. ‘ఇక్కడా, కాస్త ఇటా’ అని కొలుస్తున్న చెయ్యి కనబడుతుంది.

ఇటలీలోని బొలోన్యా వాడు మొరాండి (1890–1964) జీవితమంతా అవే సీసాలు, డబ్బాలు వేశాడు. మెరుపు కనబడకూడదని కొన్నిటికి రంగు కూడా పూశాడు. ఒక వస్తువు అంచు సరిగ్గా పక్కదాని అంచును తాకేలా పెడతాడు, ఏది ముందో ఏది వెనకో తేలదు. మీ నిమ్మకాయ ముంతను అలాగే ఒరుసుకుంటే చెరిపెయ్యమంటాను. ఎందుకంటే మొరాండి బొమ్మలో అన్నీ అలా ఒరుసుకుంటాయి, మీ బొమ్మలో ఒక్కటే.

అభ్యాసం. అదే ముంత, అవే నిమ్మకాయలు, చుట్టూ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి. నాలుగు రోజులు, రోజూ ఒకే వేళకు, 40 నిమిషాలు, 4బి పెన్సిల్ ఒక్కటే. మొదటి రోజు గీత లేకుండా షార్డాఁ. రెండో రోజు వెనక నల్లగుడ్డ కట్టి కొటాన్. మూడో రోజు ప్రతి అంచుకూ మూడు తెగిన గీతలు. నాలుగో రోజు వస్తువులు జరిపి, మూడు చోట్ల అంచులు తాకేలా. చిత్రకారుల పేర్లు బొమ్మ వెనక రాయండి, ముందు వద్దు. ఏది ఎవరి పద్ధతో ఇంట్లోవాళ్లకు చెప్పి, ఏ బొమ్మ ఎవరిదో పోల్చుకోమనండి. పోల్చలేనిది మళ్లీ వెయ్యండి. నిమ్మకాయ వాడిపోతే అదే సైజుది తెచ్చుకోండి. స్టీలు గ్లాసు పెట్టొద్దు, దాని మెరుపు సంగతి 7వ పాఠంలో.