జేబులో పట్టే కెమెరా కొనాలా, మిర్రర్‌లెస్ కొనాలా?

కెమెరా కొనదలచినవారిలో చాలామంది మొదట మెగాపిక్సెళ్లు చూస్తారు. ఈ రెండు రకాల మధ్య ఎంపికకు ఆ అంకె పెద్దగా పనికిరాదు. 20 మెగాపిక్సెళ్ల ఫొటోను 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉన్న కాగితంపై స్పష్టంగా ముద్రించుకోవచ్చు. ఇంటి గోడకు అంతకన్నా పెద్ద ఫొటో వేలాడదీసేవారు అరుదు. ఏ వెలుతురులో ఫొటోలు తీస్తారు, ఎంత దూరం నుంచి తీస్తారు, తీయవలసిన క్షణంలో కెమెరా చేతికి అందుతుందా లేదా అన్నవే అసలు ప్రశ్నలు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల్లో మనం సాధారణంగా తీసే ఫొటోలను ముందు పెట్టుకొని ఆలోచిస్తే వీటికి సమాధానాలు సులువుగానే దొరుకుతాయి.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలలో లెన్స్ వెనుక ఉండే అద్దాన్ని తీసేసి, వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ మీద పడిన బొమ్మను నేరుగా తెర మీదా, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోనూ చూపించేదే మిర్రర్‌లెస్ కెమెరా. 2008లో పానసోనిక్ తెచ్చిన జీ1తో ఈ రకం మొదలైంది. లెన్స్‌ను విప్పి మరొకటి బిగించుకోగలగడమే దీని ప్రధాన బలం. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాలో లెన్స్ శరీరంతో కలిసిపోయి ఉంటుంది. ఆపివేసినప్పుడు చాలావాటిలో అది లోపలికి ముడుచుకుంటుంది. నిజానికి కాంపాక్టులోనూ అద్దం లేదు కనుక, లోపలి పనితీరులో ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా దుకాణదారు చెప్పినంత పెద్దది కాదు. సెన్సర్ పరిమాణం, ముందున్న లెన్స్ అనే రెండింటి దగ్గరే బేరం తేలుతుంది.

ముందుగా మీ ఫోన్‌ను అడగండి

ఏ కెమెరానైనా చూడబోయే ముందు, గత ఆరేడు నెలల్లో ఫోన్‌తో తీసిన ఫొటోలను తెరిచి, మీకు నచ్చక పక్కన పెట్టినవాటిని మాత్రమే చూడండి. ప్రతి ఫొటో వివరాల్లో ఐఎస్‌ఓ అంకె (వెలుతురు చాలనప్పుడు కెమెరా తన సున్నితత్వాన్ని ఎంత పెంచుకుందో చెప్పేది), షట్టర్ వేగం (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో చెప్పేది) కనిపిస్తాయి. చెడినవాటిలో ఎక్కువ భాగం ఐఎస్‌ఓ 800 దాటినవైతే మీకు కావలసింది వెలుతురును ఎక్కువగా పట్టే పరికరం. వేళ్లతో తెరను సాగదీసి, మూడు నాలుగు రెట్లు దగ్గరికి తెచ్చి తీసినవి ఎక్కువగా చెడితే మీకు కావలసింది దూరాన్ని అందుకునే లెన్స్. రెండూ కాక, ఫొటోలు బాగానే వచ్చాయనిపిస్తే ఇప్పటికి ఏదీ కొనవద్దని నా సలహా. పగటి వెలుతురులో రెండడుగుల దూరంలోని మనవరాలి ముఖాన్ని ఫోన్ చక్కగానే తీస్తుంది.

ఇదే తర్కంతో ఒక రకాన్ని మొదటే కొట్టివేయవచ్చు. సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్ల చిన్న సెన్సర్‌తో వచ్చే చవక కాంపాక్టులున్నాయి. ఇప్పటి మధ్యతరగతి ఫోన్లలోని ప్రధాన కెమెరా సెన్సర్లే చాలావరకు అంతకన్నా పెద్దవి. ఎక్కువ జూమ్ తప్ప మరే కారణంతోనూ ఈ రకాన్ని కొనకూడదు. ఇక మిగిలేవి, 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సర్‌ను ఒక అంగుళం సెన్సర్ పేరుతో అమ్మే కాంపాక్టులు, సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్ల ఏపీఎస్-సీ సెన్సర్ గల మిర్రర్‌లెస్ కెమెరాలు. విస్తీర్ణంలో రెండోది మొదటిదానికి మూడు రెట్లకు పైనే ఉంటుంది. రికో జీఆర్ 3, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వరుస వంటివి కాంపాక్టులే అయినా వాటిలో ఏపీఎస్-సీ సెన్సరే ఉంది. అయితే వాటికి జూమ్ లేదు.

చీకటి ఒక్కటే కాదు, కదలిక కూడా

నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడిలోని శివలింగం వెనుక పగలంతా కదలకుండా ఒక నీడ నిలబడి ఉంటుంది. లోపల మసక వెలుతురు, అయినా నీడా కదలదు, రాతి స్తంభాలూ కదలవు. చేతి వణుకును సర్దే స్థిరీకరణ వ్యవస్థ ఉన్న కాంపాక్టును స్తంభానికి ఆనించి, సెకనులో పదో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచితే, ఐఎస్‌ఓను పెంచకుండానే స్పష్టమైన ఫొటో వస్తుంది. ఇటువంటి చోట పెద్ద సెన్సర్ తప్పనిసరి కాదు. లోపల ఫొటో తీయవచ్చునో లేదో అర్చకులను ముందే అడగడం మాత్రం తప్పనిసరి.

సద్దుల బతుకమ్మ రాత్రి పరిస్థితి పూర్తిగా వేరు. తంగేడు, గునుగు, బంతి పూల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడపడుచుల చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 125వ వంతైనా ఉండాలి, 250వ వంతైతే ఇంకా మేలు. ఎఫ్ పక్కన ఉన్న అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతుంది. వీధిదీపాల వెలుతురులో ఆ వేగానికి ఎఫ్/1.8 లెన్స్ మీద ఐఎస్‌ఓ 1250 సరిపోయిందనుకుంటే, ఎఫ్/5.6 లెన్స్ మీద సుమారు 12,000 కావలసి వస్తుంది. అంతవరకూ వెళితే పువ్వుల రంగు మీద ఇసుక చల్లినట్టు మచ్చలు తేలుతాయి.

చాలామంది పొరపడేది ఇక్కడే కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. మిర్రర్‌లెస్ కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే కిట్ లెన్స్ సాధారణంగా ఎఫ్/3.5 దగ్గర మొదలై, జూమ్ చేసేకొద్దీ ఎఫ్/5.6కో 6.3కో చేరుతుంది. మంచి అంగుళం సెన్సర్ కాంపాక్టు, ఉదాహరణకు కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3, ఎఫ్/1.8 దగ్గర మొదలై ఎఫ్/2.8 దగ్గర ఆగుతుంది. సెన్సర్ మూడు రెట్లు చిన్నదైనా, లెన్స్ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతుంది కనుక, ఫొటోకు అందే మొత్తం వెలుతురులో రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అంటే, కిట్ లెన్స్ తప్ప మరొకటి ఎన్నడూ కొనని వ్యక్తికి మిర్రర్‌లెస్ కెమెరా చీకట్లో చేసే అదనపు మేలు దాదాపు ఏమీ లేదు. అదే శరీరానికి జూమ్ లేని ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ బిగిస్తే, కాంపాక్టుకన్నా మూడు రెట్లకు పైగా వెలుతురు ఫొటోకు అందుతుంది. బతుకమ్మ రాత్రి ఆ తేడా కంటికి కనబడుతుంది. అందువల్ల, మిర్రర్‌లెస్ ధరను లెక్కించేటప్పుడు ఒక ప్రైమ్ లెన్స్ ఖరీదునూ కలిపే లెక్కించాలి. అంత డబ్బు ఇప్పుడు లేదనుకుంటే, ఏడాది తర్వాత తప్పక కొంటాననే నిశ్చయమైనా ఉండాలి. ఆ రెండూ లేకపోతే కాంపాక్టే తెలివైన ఎంపిక.

కాంపాక్టులు కొనేవారూ ఇదే అంకెను చూడాలి. సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో ఏడవది 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 200 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్ ఇస్తుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోనివి దగ్గరగా కనబడతాయి, తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు ఇముడుతుంది), కానీ దాని లెన్స్ ఎఫ్/2.8 దగ్గర మొదలై ఎఫ్/4.5 వరకూ పోతుంది. దూరానికి చెల్లించిన మూల్యం చీకట్లో తెలుస్తుంది.

రాత్రి ఫొటోల విషయంలో మరొక చిన్న జాగ్రత్త ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాల వేగంతో మారుతుంది కనుక, చవక రకం ఎల్‌ఈడీ ఫోకస్ లైట్ల కింద ఫొటోలో అడ్డ చారలు పడవచ్చు. కదిలే తెర లేకుండా సెన్సర్‌తోనే పనిచేసే ఎలక్ట్రానిక్ షట్టర్‌ను పక్కన పెట్టి, సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు వేగానికి మారితే అవి చాలావరకు పోతాయి.

దూరం, దగ్గర

ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల విమానాల మీద పైన చెక్కిన శిల్పాలను కింద నిలబడి తీయాలంటే 100 మిల్లీమీటర్లకు సమానమైన లెన్స్ ఉండాలి. మధ్యస్థ జూమ్ ఉన్న కాంపాక్టు అక్కడ చక్కగా సరిపోతుంది. జూమ్ లేని రికో వంటిదాన్ని చేతబట్టుకుని వెళ్లినవారు శిల్పాన్ని కాక ఆకాశాన్నే ఎక్కువగా తెచ్చుకుంటారు. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తినప్పుడు కావలసింది జూమ్ కాదు, విశాలమైన చూపు. అక్కడి సమస్య తుంపర. కాంపాక్టుల్లో చాలావాటికి నీటి తుంపర నుంచి రక్షణ ఉండదు. ప్రారంభ స్థాయి మిర్రర్‌లెస్‌లకూ చాలావరకు ఉండదు. ధర ఎక్కువ పెట్టాం కాబట్టి తడిసినా ఫర్వాలేదనుకోవద్దు.

అమ్రాబాద్ అడవుల్లో పక్షుల కోసం, జూరాల నీటి అంచున కొంగల కోసం వెళ్లేవారికి మాత్రం చర్చే అవసరం లేదు. జేబులో పట్టి, అంగుళం సెన్సర్ ఉండి, 400 మిల్లీమీటర్లు దాటి అందుకునే కెమెరా లేదు. మిర్రర్‌లెస్ శరీరానికి 100-400 వంటి లెన్స్ కావాలి. కెనాన్ చేసే అటువంటి లెన్స్ ఒక్కటే 635 గ్రాములు తూగుతుంది, పూర్తి జూమ్ దగ్గర ఎఫ్/8 అవుతుంది; అంటే తెల్లవారుజామున చెట్ల నీడలో అదీ ఇబ్బంది పడుతుంది.

దగ్గరి సంగతి మరొకటి. భూదాన్ పోచంపల్లిలోనో నారాయణపేటలోనో గుంటమగ్గం ఉన్న ఇరుకు గదిలో, నేత కార్మికుడిని మగ్గంతో సహా ఒకే ఫొటోలో ఇమిడ్చేందుకు వెనక్కి జరిగే చోటు ఉండదు. అక్కడ 24 మిల్లీమీటర్లకు సమానమైన వెడల్పు కావాలి. సోనీ, నికాన్ సంస్థల 16-50 కిట్ లెన్సులు దాన్ని అందిస్తాయి. కెనాన్ 18-45 సుమారు 29 దగ్గరే ఆగిపోతుంది, ఆ ఐదు మిల్లీమీటర్ల తేడాతో మగ్గం అంచులు తెగిపోతాయి. ఇక్కత్ నూలు మీద రంగు ఒక పోగు నుంచి మరో పోగుకు పాకిన అంచును తీయాలంటే లెన్స్ బట్టకు బాగా దగ్గరగా రావాలి: అంగుళం సెన్సర్ కాంపాక్టులు కొన్ని 5 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా ఫోకస్ చేస్తాయి, కిట్ లెన్సులకు సాధారణంగా 20 నుంచి 25 సెంటీమీటర్లు కావాలి. పైగా పెద్ద లెన్స్ బిగించిన కెమెరా కనబడగానే ‘ఏ ఛానెల్ సార్?’ అని అడుగుతారు, మగ్గం ఆగిపోతుంది, అందరూ వరుసగా నిలబడతారు. చిన్న కెమెరాతో అడిగి, అనుమతి తీసుకుని పక్కన కూర్చుంటే పని సాగుతూనే ఉంటుంది.

బరువు, ఎండ, దుమ్ము

గ్రాముల్లో చూస్తే తేడా అంత భయంకరమైనది కాదు. కెనాన్ ఆర్50 కిట్ లెన్స్‌తో కలిపి సుమారు 505 గ్రాములు, జీ7ఎక్స్ మార్క్ 3 సుమారు 304 గ్రాములు. కానీ మొదటిది ప్యాంటు జేబులో పట్టదు. సలేశ్వరం జాతరలో నల్లమల లోయలోకి జనంతో పాటు దిగేటప్పుడో, భువనగిరి కోట ఏకశిల మెట్లు ఎక్కేటప్పుడో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సంచిలో నుంచి తీయడానికి బద్ధకించిన కెమెరా ఎంత మంచిదైనా ఫొటో రాదు.

ఏప్రిల్ ఎండలో తెర మీద ఏమీ కనబడదు కనుక, పాలమూరులో కెమెరా వాడేవారికి వ్యూఫైండర్ విలాసం కాదు. జీ7ఎక్స్ మార్క్ 3లో అది లేదు, ఆర్‌ఎక్స్100 ఏడవదానిలో ఉంది. మిర్రర్‌లెస్ అయినంత మాత్రాన ఉంటుందనీ అనుకోవద్దు: సోనీ జడ్‌వీ-ఈ10లో లేదు. బ్యాటరీ విషయానికొస్తే, కాంపాక్టులు ఒక చార్జింగ్‌తో సుమారు 200 నుంచి 260 ఫొటోలు, ప్రారంభ స్థాయి మిర్రర్‌లెస్‌లు సుమారు 350 నుంచి 450 తీస్తాయి. ఏది కొన్నా ఒక అదనపు బ్యాటరీ అవసరమే.

ఎర్రమట్టి దారుల దుమ్ము ఈ రెండింటినీ వేర్వేరుగా పట్టుకుంటుంది. మిర్రర్‌లెస్‌లో లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము సెన్సర్ మీద పడుతుంది. కెమెరా నోటిని నేలవైపు వంచి, గాలి బంతితో ఊదితే చాలావరకు రాలిపోతుంది. కాంపాక్టులో లెన్స్ గొట్టం ముందుకూ వెనక్కూ కదిలేటప్పుడు దుమ్మును లోపలికి పీల్చుకుంటుంది, దాన్ని ఇంట్లో తీయలేము. జాతర దారుల్లో వాడేవారు దానికి జిప్ ఉన్న చిన్న గుడ్డ సంచి తప్పక పెట్టుకోవాలి.

దుకాణంలో

కోఠిలోని దుకాణాలకు వెళ్లినా, దగ్గరి పట్టణంలో కొన్నా, జీఎస్టీ బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు రెండూ అడగండి. దొడ్డిదారిన దిగుమతైన సరుకు కొంత చవకగా దొరుకుతుంది, కానీ పాడైనప్పుడు సంస్థ సర్వీసు కేంద్రం దాన్ని వారంటీ కింద తీసుకోకపోవచ్చు. మీ సొంత మెమరీ కార్డును వెంట తీసుకువెళ్లి, దుకాణంలో వెలుతురు తక్కువగా ఉన్న మూలలో, చేతులు కదుపుతున్న మనిషిని రెండు కెమెరాలతోనూ సెకనులో 125వ వంతు వేగంతో తీసి, ఇంటికి వచ్చి పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి చూడండి. మిర్రర్‌లెస్ వైపు మొగ్గితే, ఊళ్లో పెళ్లిళ్ల ఫొటోలు తీసేవారు ఏ సంస్థ లెన్సులు వాడుతున్నారో కనుక్కోండి; ఆ సంస్థ మౌంట్‌కే (లెన్స్‌ను బిగించే అమరిక) వెళితే పాత లెన్సులు దొరకడం, ఒకపూటకు అడిగి తెచ్చుకోవడం తేలికవుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11 దగ్గర పెట్టి, మబ్బుల్లేని ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. నల్లని చుక్కలు కనబడితే, మిర్రర్‌లెస్ విషయంలో శుభ్రం చేయించే ఖర్చు తగ్గించి బేరమాడండి. కాంపాక్టు అయితే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.