గుట్టల మీది గూడేల్లో కొన్నాళ్లు ఉండి సేవ చేయాలంటే ఎలా?

వరంగల్ నుంచి ఆదిలాబాద్ గుట్టల వైపు వెళ్లేవాళ్లు ఎక్కువగా కుంటాల జలపాతం, జోడేఘాట్‌లో కుమురం భీం మ్యూజియం చూసి వెంటనే తిరిగొస్తారు. అక్కడి గోండు, కొలాం గిరిజనుల గూడేల్లో ఒక వారమైనా ఉండి, చేతనైన పని చేసి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. ఏ పని చేయగలరో ముందే తేల్చుకోండి

"ఏ పనైనా చేస్తాం" అని వెళ్తే, మీకు పని వెతికే భారం ఊరివాళ్ల మీద పడుతుంది. పాత బట్టలు, చాక్లెట్లు పంచి ఫొటోలు దిగడం సేవ కాదు. దానివల్ల పిల్లలకు కొత్తవాళ్ల ముందు చెయ్యి చాపడం అలవాటవుతుంది.

నా ఉద్దేశంలో బయటివాళ్లు బాగా సాయపడగలిగేది కాగితాల పనిలో. 'ఆత్రం' అనే ఇంటిపేరు ఇంగ్లీషులో ఆధార్ మీద ఒకలా, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా పడిందనుకోండి, రావాల్సిన డబ్బు ఆగిపోవచ్చు. దాన్ని సరిచేయించడానికి కూలి పని మానుకుని మీసేవ చుట్టూ తిరగాలి. మీరు గూడెంలో కూర్చుని ఎవరి కాగితంలో ఏ తప్పుందో చూసి, దరఖాస్తు నింపి, వాళ్లతో పాటు మండల కేంద్రానికి వెళ్తే చాలా మేలు. పోడు పట్టాలు (అడవి భూమి సాగు హక్కు పత్రాలు), కుల ధ్రువీకరణ పత్రాలు, పింఛన్ల విషయంలోనూ ఇంతే. అసలు కాగితాలు మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. జిరాక్స్ తీసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేయండి.

చదువు చెప్పాలనుకుంటే పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు డౌట్లు తీర్చండి. చిన్న పిల్లలు ఇంట్లో గోండి, కొలామీ మాట్లాడతారు కాబట్టి పాఠ్యపుస్తకంలోని తెలుగు ఆ పిల్లలకు కష్టంగా ఉంటుంది. కథలు చదివి వినిపిస్తూ, అవే కథలు వాళ్ల భాషలో చెప్పించండి.

2. అడిగి, ఒప్పుకున్నాకే బయల్దేరండి

ఆశ్రమ పాఠశాల హెడ్‌మాస్టర్‌తో గానీ, ఉత్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో గానీ ముందు మాట్లాడండి. గూడెంలో పటేల్ (గూడెం పెద్ద), సర్పంచ్ ఒప్పుకోవాలి. హాస్టళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలవాటిలో, అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. కవ్వాల్ పులుల అభయారణ్యం పరిధిలోకి వెళ్తే అటవీ శాఖను అడగాలి. ఆధార్ దగ్గర ఉంచుకుని, దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఒక మాట చెప్పండి. తర్వాత టెన్షన్ ఉండదు.

3. కాలం చూసుకోండి

వానాకాలంలో వాగులు పొంగితే దారులు తెగిపోతాయి, దోమలూ ఎక్కువ. మే నెలలో బడులకు సెలవులు. పైగా కొన్ని గూడేల్లో నీళ్లకు చాలా కటకట. మీరు పోసుకునే రెండు బకెట్లు ఎవరో ఒక అమ్మ దూరం నుంచి మోసుకొచ్చినవే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. చలి గట్టిగా ఉంటుంది, రగ్గు తీసుకెళ్లండి. పత్తి ఏరే రోజులు కాబట్టి పెద్దలు సాయంత్రమే దొరుకుతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశీయులు చేసే నాగోబా జాతర కూడా ఈ రోజుల్లోనే వస్తుంది.

4. ప్రయాణం, బస

కాజీపేటలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగి, ఆసిఫాబాద్ నుంచి కెరమెరి, జైనూరు మీదుగా ఉత్నూరు వైపు వెళ్లొచ్చు. కెరమెరి ఘాట్ దారి చూసి తీరాలి. లోపలి గూడేలకు ఆటోలే దిక్కు. చీకటి పడకముందే చేరుకోండి.

ఎవరింట్లోనైనా తింటే బియ్యం, పప్పు, నూనె మీరు కొనివ్వండి. దోమతెర, టార్చిలైటు, మీ మందులు మీరే తెచ్చుకోండి. పెద్దవాళ్లు కనిపిస్తే "రాం రాం" అనండి. దేవతల స్థలాల్లో చెప్పులు విప్పండి. గుస్సాడీ నృత్యమైనా, పూజైనా అడగకుండా ఫోన్ ఎత్తొద్దు.

5. పని ఊరివాళ్ల చేతిలో పెట్టి రండి

కుమురం భీం 1940లో చనిపోయాక, గోండుల సమస్యలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ జైనూరు దగ్గరి మార్లవాయిలో ఉన్నారు. గోండి నేర్చుకుని, గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం అక్కడ పెట్టించారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి, తప్పకుండా చూసి రండి.

మీరూ మొదటి రోజు నుంచే గూడెంలో చదువుకున్న ఒక అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగిందో, మళ్లీ ఏ తేదీన అడగాలో వాళ్లతోనే నోటుబుక్‌లో రాయించండి. ఇంటికొచ్చాక ఫోన్‌లో కనుక్కుంటూ ఉండండి. మళ్లీ సెలవు దొరికితే అదే గూడేనికి వెళ్లండి.

వారం సెలవు దొరకకపోతే

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర ముగిశాక జంపన్నవాగు ఒడ్డున, చుట్టుపక్కల అడవిలో ప్లాస్టిక్ కవర్లు, సీసాలు మిగిలిపోతాయి. హనుమకొండ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. పంచాయతీ వాళ్లకు ముందే ఫోన్ చేసి, ఏరిన చెత్త ఎక్కడ వేయాలో కనుక్కోండి. గ్లౌజులు, గోనె సంచులు, తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి.