ట్రాక్ డేలో బ్రేక్ ప్యాడ్లు ఒక్కరోజుకే అరిగిపోతున్నాయా? సమస్య - పరిష్కారం

ట్రాక్ డే అంటే మన సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. తిరుపతి, చిత్తూరు వాళ్లకు అందుబాటులో ఉన్న రేస్ ట్రాక్ అంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూటే. తిరుపతి నుంచి అయితే తెల్లవారకముందే బయల్దేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లి, రోజంతా నడిపి, సాయంత్రం అదే కారులో ఇంటికి రావాలి. ట్రక్కు మీద కారు తెచ్చుకునేవాళ్లకు ప్యాడ్లు అయిపోతే ఆ రోజు డ్రైవింగ్ అయిపోయినట్టే, అంతకుమించి ఏమీ లేదు. మనకు మాత్రం లారీల మధ్య నూరు కిలోమీటర్లకు పైగా దారి ఇంకా మిగిలే ఉంటుంది.

ప్యాడ్లు తొందరగా అరిగాయంటే చాలామంది ఇంకా ఖరీదైనవి కొంటారు. దయచేసి ఆగండి. పాత ప్యాడ్‌ని చేతిలోకి తీసుకుని, అది ఎక్కడ అరిగింది, ఎలా అరిగింది చూడకుండా కొత్తది కొనొద్దు. తప్పు ప్యాడ్‌ది కానప్పుడు ఎంత ఖరీదైనది వేసినా అదే గతి పడుతుంది.

వేడి ఎంత పుడుతుందో ముందు ఒక అంచనా ఉండాలి. 1,400 కిలోల కారు ఘాట్ మలుపు దగ్గర 40 కిలోమీటర్ల వేగం నుంచి 15కి తగ్గితే బ్రేకుల మీద పడేది సుమారు 75 కిలోజౌళ్లు. అదే కారు ట్రాక్ మీద 160 నుంచి 60కి తగ్గితే దాదాపు 1,200 కిలోజౌళ్లు, అంటే 16 రెట్లు. ట్రాక్ చుట్టూ ఒక రౌండు, అంటే 3.7 కిలోమీటర్ల ల్యాప్‌లో ఇలాంటి గట్టి బ్రేకులు మళ్లీ మళ్లీ పడుతుంటాయి, మధ్యలో చల్లారే సమయం ఉండదు.

బ్రేకు పట్టడం లేదు: ముందు పెడల్ సంగతి తేల్చుకోండి

ఈ ఒక్క మాట వెనక రెండు వేర్వేరు జబ్బులున్నాయి. పెడల్ ఎప్పటిలా గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ముందుకే పోతుంటే వేడెక్కింది ప్యాడ్. కారుతో వచ్చే మామూలు ప్యాడ్లలో చాలావాటికి 350-400 డిగ్రీలు దాటితే పట్టు తగ్గిపోతుంది. ఆ పైన ప్యాడ్‌ని అతికించి ఉంచే రెసిన్ మాడిపోయి, ప్యాడ్ అరగడం మానేసి రాలడం మొదలుపెడుతుంది. విప్పి చూస్తే అంచులు బూడిదరంగుకు తిరిగి ఉంటాయి, గోటితో గీరితే పొడి రాలుతుంది, వెనక రేకు మీద పెయింట్ మాడి తెల్లబడి ఉంటుంది. ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం నిజంగానే ఎక్కువ వేడి తట్టే ట్రాక్ ప్యాడ్లు కావాలి. వాటిలో చాలా రకాలు 600 డిగ్రీలకు పైగా నిలబడతాయి.

పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే అది ప్యాడ్ సమస్య కాదు, బ్రేక్ ఆయిల్ మరుగుతోంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్నాక హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లడమంటే ప్రాణంతో చెలగాటమే. అలాంటి క్షణంలో పెడల్‌ని గబగబా రెండు మూడుసార్లు పంపు చేయండి, గేర్లు దించుకుంటూ వేగం తగ్గించి, ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటైన పిట్‌లోకి వచ్చేయండి. ఆ రోజుకి అంతే. తర్వాత సీలు విప్పని కొత్త డబ్బాతో, ఎక్కువ మరుగు స్థాయి ఉన్న డాట్ 4 గానీ డాట్ 5.1 గానీ నింపి నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని గాలి తీయించాలి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, ఈ కార్లలో అది పోయకూడదు. పేరు దగ్గరగా ఉందని షెడ్డులో పొరపాటు జరగొచ్చు, డబ్బా మీరే చూసుకోండి.

ఈ రెండింటికీ ఒక లింకు ఉంది. ప్యాడ్ పలచబడేకొద్దీ డిస్కు వేడి, ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఆయిల్‌కీ తొందరగా చేరుతుంది. అందుకే కొత్త ప్యాడ్ 10-12 మిల్లీమీటర్లు ఉంటే, సగానికి తక్కువ ఉన్న ప్యాడ్‌తో ట్రాక్‌కి బయల్దేరొద్దు. అక్కడ 5 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఆపేయండి, మిగిలింది ఇంటిదారికి. డాష్‌బోర్డులో ప్యాడ్ అరిగిందని చెప్పే లైటు వెలిగాక చూద్దాం అనుకోకండి. ఆ సెన్సర్ చాలా కార్లలో ఒకటో రెండో చక్రాలకే ఉంటుంది.

లోపలి ప్యాడ్ అయిపోయింది, బయటిది బాగానే ఉంది

మన దగ్గర ఎక్కువగా కనిపించేది, ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. ఈమధ్య ఒక మిత్రుడి హ్యాచ్‌బ్యాక్ ముందు చక్రం విప్పితే బయటి ప్యాడ్ 8 మిల్లీమీటర్లుంది, లోపలిది 3 కూడా లేదు. అప్పటికే ఒకసారి ఖరీదైన సెట్టు మార్చి ఉన్నాడు. ప్యాడ్లని డిస్కుకి అదిమిపట్టే కాలిపర్ పిన్ను లాగితే రాలేదు, స్క్రూడ్రైవర్‌తో తిప్పి తిప్పి లాగాల్సి వచ్చింది. పాత గ్రీజు ఎండి గోధుమరంగు పెచ్చులా పిన్నుకి అతుక్కుపోయి ఉంది. దాని రబ్బరు బూటు వేడికి గట్టిపడి చిట్లిపోయింది.

ఇలాంటి కాలిపర్‌లో పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నెడుతుంది, కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది, బ్రేకు వదిలాక కూడా డిస్కుకి రాసుకుంటూనే ఉంటుంది. పిన్నులు తీసి శుభ్రంగా తుడిచి, కొత్త రబ్బరు బూట్లు వేసి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పూయాలి. షెడ్డులో చేతికందిన మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటుంది. పని సరిగ్గా జరిగితే కాలిపర్ చేత్తో అటూ ఇటూ నెట్టగానే జరగాలి. పిస్టన్ వెనక్కి నెట్టడానికే కష్టంగా ఉంటే సీల్ కిట్ కూడా మార్చించండి.

ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వాలుగా అరిగినా ముందు పిన్నులే చూడండి. అవి బాగుంటే, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు తేడా ట్రాక్ మీద మామూలే, గట్టి బ్రేకుకి కాలిపర్ కొద్దిగా విచ్చుకుంటుంది. కొలత మాత్రం పలచటి చివర దగ్గరే తీసుకోండి.

వెనక ప్యాడ్లు ముందువాటికంటే తొందరగా అరిగాయి

ఇది మీ కాలు చేసిన పని కాకపోవచ్చు. ఇప్పటి కార్లలో స్టెబిలిటీ కంట్రోల్, ట్రాక్షన్ కంట్రోల్ మలుపుల్లో కారుని అదుపు చేయడానికి ఏదో ఒక చక్రానికి వాటంతటవే బ్రేకు వేస్తాయి. మీరు మలుపులో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అవి కష్టపడతాయి. కారులో స్పోర్ట్ లేదా ట్రాక్ మోడ్ ఉంటే వాడండి. పూర్తిగా ఆపేయడం మాత్రం పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా వద్దు.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

డిస్కు వంగిపోయిందంటారు చాలామంది. ఎక్కువసార్లు వంగి ఉండదు. ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా అంటుకుని ఉంటుంది. ఎర్రగా కాగిన బ్రేకులతో పిట్‌లోకి వచ్చి పెడల్ తొక్కి పట్టుకున్నా, హ్యాండ్‌బ్రేక్ లాగినా ఇలాగే అవుతుంది. ప్రతి సెషన్‌కీ చివరి ల్యాప్ బ్రేకు దాదాపు ముట్టకుండా నెమ్మదిగా రండి. ఆపాక గేరులో పెట్టి టైరుకి రాయి వేయండి, హ్యాండ్‌బ్రేక్ వద్దు.

కొత్త ప్యాడ్లు సెట్ చేయకుండా తోలినా ఇదే వణుకు వస్తుంది. మొదటి సెషన్‌లోనే, వెనక ఎవరూ లేనప్పుడు, 80 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. ఆ తర్వాత బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. డిస్కుని లేత్ పట్టిస్తామంటే వెంటనే ఒప్పుకోకండి, డిస్కు మీద చెక్కి ఉండే కనీస మందం అంకె చూడండి. పగులు అంచు దాకా పాకి ఉంటే ఇంకో ఆలోచన లేకుండా మార్చేయాలి.

మిగతావి

కీచుమంటూ, ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే అది గ్లేజింగ్. పైపైన ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ సెట్ చేయండి, రుద్దేటప్పుడు ముక్కుకి మాస్క్ ఉండాలి. మలుపులో పక్క గట్టు ఎక్కి దిగాక మొదటి తొక్కుడుకే పెడల్ లోతుకి పోతే, చక్రం ఊగి ప్యాడ్లు వెనక్కి తోసుకుపోయాయన్నమాట. వీల్ బేరింగ్ చూపించండి.

ఏ లోపమూ లేకుండా ప్యాడ్లు కరిగిపోతుంటే కారణం బ్రేకు వేసే తీరు. దూరం నుంచే మెల్లగా తొక్కి పట్టుకుని వస్తే వేడి కాలిపర్ దాకా పాకుతుంది. గట్టిగా, తక్కువసేపు తొక్కి వదిలేయండి. నాలుగైదు ల్యాపులు వేగంగా వేస్తే ఒకటి నెమ్మదిగా.

ట్రాక్ ప్యాడ్లతోనే తిరుమల వెళ్లొచ్చా?

వద్దు. దిగే ఘాట్ రోడ్డుకి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ నిబంధన. ఆ వేగంలో రేసు ప్యాడ్‌కి కావాల్సిన వేడి పుట్టదు. చల్లగా ఉన్నప్పుడు చాలా రేసు ప్యాడ్లకు పట్టు తక్కువ, పైగా డిస్కుని గీకేస్తాయి. మామూలు ప్యాడ్లు, తక్కువ గేరు, ఘాట్‌కి అదే సరైన జోడీ.

కాబట్టి ఇంటికి బయల్దేరే ముందు సర్క్యూట్ దగ్గరే ట్రాక్ ప్యాడ్లు తీసి మామూలువి వేసుకోవడం మంచిది. డిస్కులు బాగా చల్లారాక విప్పండి, ఏ ప్యాడ్ ఏ చక్రానిదో, లోపలిదో బయటిదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ప్యాడ్లు మార్చాక పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి తొక్కుడు నేలకి తగులుతుంది. కారు కదలక ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. వీల్ బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే బిగించి, తిరుత్తణి దగ్గర ఆపి ఇంకోసారి సరిచూసుకోండి.