అమెరికా కాలేజ్ ఫీజు ఎందుకు పెరిగిందో ఇలా చూసుకోండి

అమెరికాలో పిల్లల్ని అండర్‌గ్రాడ్‌లో (డిగ్రీ కోర్సులో) చేర్పించే మనవాళ్లు సీటు కోసం డిపాజిట్ కట్టకముందే ఈ పని చేయండి ప్లీజ్. 2008లో వచ్చిన హయ్యర్ ఎడ్యుకేషన్ ఆపర్చునిటీ యాక్ట్ ప్రకారం, తమలాంటి కాలేజీల్లో మూడేళ్లలో ఫీజు శాతం అందరికంటే ఎక్కువ పెరిగిన టాప్ 5 శాతం కాలేజీలు ఏ ఖర్చు పెరిగింది, ఎందుకు పెరిగింది, తగ్గించడానికి ఏం చేస్తున్నామో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కి రాసివ్వాలి.

గూగుల్‌లో కాలేజ్ అఫోర్డబిలిటీ అండ్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని కొట్టి, ఆ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఇలా ఎక్కువ పెరిగిన కాలేజీల లిస్టులు తెరవండి. ట్యూషన్ (చదువు ఫీజు) లిస్టు వేరు, నెట్ ప్రైస్ లిస్టు వేరు. నెట్ ప్రైస్ అంటే ట్యూషన్, ఉండటం, తిండి, పుస్తకాలు అన్నీ కలిపిన ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు తీసేసిన సగటు, మీ పిల్లలు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే ఫెడరల్ గ్రాంట్లు రావు కాబట్టి ఆ నంబర్ నమ్ముకోకుండా ట్యూషనే చూడండి, స్టేట్ యూనివర్సిటీ అయితే అవుట్ ఆఫ్ స్టేట్ రేటు (ఆ రాష్ట్రం వాళ్లు కానివాళ్లకి వేసే ఫీజు) విడిగా కనుక్కోండి.

శాతం చూసి కంగారు పడొద్దు. 3,000 డాలర్లు 4,000 అయితే 33 శాతం, 50,000 కాస్తా 55,000 అయితే 10 శాతమే, కానీ మన జేబుకి ఏది బరువో మీకే తెలుసు. లిస్టులో పేరుంటే ఆ వివరణ చదివి, అర్థంకానిది అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి, వచ్చే నాలుగేళ్లు ఎంత పెంచుతారో కూడా అందులోనే అడిగేయండి.