టెక్ పత్రంలో నేరుగా పోస్ట్‌స్క్రిప్ట్ రాయడం

టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్‌లో, పేజీని వర్ణించే భాష అయిన పోస్ట్‌స్క్రిప్ట్ కోడ్‌ను 'స్పెషల్' ఆదేశంతో నేరుగా ఇవ్వవచ్చు. ఆ కోడ్‌లో మాక్రోలు (సంక్షిప్త ఆదేశాలు) ఉంటే టెక్ విప్పుతుంది, అంతే. అర్థం జోలికి పోకుండా డీవీఐ అనే తన అవుట్‌పుట్ ఫైల్లో పెట్టేస్తుంది. దాన్ని పట్టించుకునేది తర్వాత వచ్చే డ్రైవర్, అంటే డీవీఐని ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్. అందుకే కోడ్ తప్పైనా టెక్ ఒక్క హెచ్చరికా ఇవ్వదు.

డీవీఐని పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చే డీవీఐపీఎస్ డ్రైవర్ వాడేటప్పుడు కోడ్ ముందు పెట్టే గుర్తే కీలకం. డబుల్ కోట్ పెడితే మూలబిందువు పేజీలో ఆ స్పెషల్ ఉన్న చోటికే వస్తుంది, అంగుళానికి 72 యూనిట్లు, వై అక్షం పైకి. గీతల రంగు, మందం మార్చినా ఆ స్పెషల్‌తోనే పోతాయి. బొమ్మలకు ఇదే క్షేమం. టెక్ పాయింట్లు అంగుళానికి 72.27 కాబట్టి ఆ కొలతలను 0.99626తో గుణించి ఇవ్వండి. స్పెషల్‌కు టెక్ దృష్టిలో వెడల్పూ ఎత్తూ సున్నా. బొమ్మకు చోటు మీరే బాక్స్‌తో కేటాయించాలి.

'పీఎస్' కోలన్ పెడితే కథ వేరు. అక్కడ వై కిందికి, యూనిట్ ప్రింటర్ చుక్క. మార్చినదేదైనా తర్వాతి అక్షరాలకూ అంటుకుంటుంది. అక్షరాలను తిప్పాలంటే కావలసిందీ అదే. 15 డిగ్రీలు పైకి తిప్పడానికి మాట ముందు ఈ పోస్ట్‌స్క్రిప్ట్ ఆదేశాల వరుస: జీసేవ్ (ఇప్పటి స్థితిని దాచేది), కరెంట్‌పాయింట్ రెండుసార్లు, ట్రాన్స్‌లేట్, 15 నెగ్ రొటేట్, నెగ్ ఎక్స్ఛ్ నెగ్ ఎక్స్ఛ్, ట్రాన్స్‌లేట్. మాట తర్వాత: కరెంట్‌పాయింట్, జీరిస్టోర్ (దాచిన స్థితిని తిరిగి తెచ్చేది), మూవ్‌టూ. రెండో ట్రాన్స్‌లేట్ మరిస్తే మాట పేజీలో ఎక్కడికో పోతుంది, ఎందుకంటే డ్రైవర్ స్థానాలను పేజీ మూలం నుంచే లెక్కిస్తుంది.

మాట ముందూ తర్వాతా పెట్టే ఈ రెండు స్పెషళ్లూ ఒకే హెచ్‌బాక్స్‌లో (టెక్ విడగొట్టని అడ్డ పెట్టెలో) ఉండాలి. మధ్యలో పేజీ తెగితే జీసేవ్‌కు జత దొరకదు. పేరా మొదట్లో అయితే ముందు, పేరాను మొదలుపెట్టించే 'లీవ్‌వీమోడ్' ఆదేశం రాయండి. స్పెషల్ లోపల శాతం గుర్తు రాస్తే టెక్ ఆ పంక్తి మిగతాది వ్యాఖ్యగా వదిలేస్తుంది. ఎలాగోలా దాటించినా, కోడంతా ఒకే పంక్తిగా చేరుతుంది కాబట్టి అక్కణ్ణుంచి పోస్ట్‌స్క్రిప్ట్ కూడా వదిలేస్తుంది. పేజీని ముగించి బయటికి పంపే షోపేజ్ ఆదేశం మాత్రం ఎప్పుడూ రాయవద్దు.

నేరుగా పీడీఎఫ్ తయారుచేసే టెక్ రూపం పీడీఎఫ్‌టెక్‌కు ఇవేవీ తెలియవు. అక్కడ స్పెషల్ బదులు 'పీడీఎఫ్‌లిటరల్' ఆదేశంతో పీడీఎఫ్ కోడ్ ఇవ్వాలి. లేత బూడిద పెట్టెకు: చిన్న క్యూ, 0.9 జీ, 0 0 72 20 ఆర్‌ఈ, ఎఫ్, పెద్ద క్యూ. పీడీఎఫ్ భాషలో లూపులు, చరరాశులు లేవు. వందల గీతలతో రంగు మెల్లగా మారాలంటే ఆ గీతలన్నీ టెక్ మాక్రోతో రాయించాలి, లేదా డీవీఐపీఎస్ తర్వాత, పోస్ట్‌స్క్రిప్ట్‌ను పీడీఎఫ్‌గా మార్చే పీఎస్‌టూపీడీఎఫ్ దారి పట్టాలి.